ముల్లు 15 చూపించినా సామాను స్టెరైల్ కాలేదు: చిన్న ఆటోక్లేవ్ వాడే పద్ధతి

ఈ రోజు వీడియో కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా. నా పక్కన గట్టు మీద పెద్ద కుక్కర్ లాంటిది కనిపిస్తోంది కదా, దాన్ని మీ ముందే మొదటి నుంచి చివరి దాకా నడిపి చూపిస్తాను. నీళ్లు పోయడం దగ్గర్నుంచి మూత తీసే వరకూ గంటన్నర పైనే పడుతుంది. ఊరికే కూర్చునే భాగం మా తమ్ముడు కట్ చేస్తాడు, కంగారు పడకండి.

దీని పేరు పోర్టబుల్ స్టీమ్ స్టెరిలైజర్. మనందరం ఆటోక్లేవ్ అనే పిలుస్తాం. చిన్న నర్సింగ్ హోముల్లో, పళ్ల డాక్టర్ల దగ్గర, ల్యాబుల్లో, పశువుల ఆసుపత్రుల్లో ఇదే ఉంటుంది. పుట్టగొడుగుల విత్తనం తయారు చేసేవాళ్లు కూడా ఇదే వాడతారు. నర్సింగ్ చదివేవాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసేవాళ్లు మన వీడియోలు బాగా చూస్తున్నారని నాకు తెలుసు. మీలో చాలామందికి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే దీన్ని అప్పగిస్తారు. "ఏముందమ్మా, కుక్కర్ లాంటిదే" అంటారు. నాకూ అలాగే అన్నారు. ఆ మాట నమ్మే నేను ఎనిమిది నెలలు తప్పు చేశాను. ఆ కథ తర్వాత చెప్తా, ముందు మిషన్ పని మొదలుపెడదాం. అది వేడెక్కేలోపు మాట్లాడుకోవచ్చు.

ఒక్క మాట. ఆన్‌లైన్‌లో స్టీమ్ స్టెరిలైజర్ అని వెతికితే ముందుగా వచ్చేవి పసిపిల్లల పాలసీసాలు పెట్టే ప్లాస్టిక్ డబ్బాలు. వాటిలో ప్రెషర్ ఉండదు, వేడి 100 డిగ్రీలు దాటదు. పాలసీసాలకు అది చాలు. కత్తెరలు, ఫోర్సెప్స్ లాంటివాటికి చాలదు. అలాగే బ్యూటీ పార్లర్లలో నీలం లైటు వెలిగే పెట్టె ఉంటుంది చూడండి, అందులో పెట్టినంత మాత్రాన సామాను స్టెరైల్ అయిపోదు. లైటు తగిలిన పైభాగం మీదే దాని పని, మడతల్లోకీ కీళ్లలోకీ వెళ్లదు. మన మిషన్‌కి మాత్రం గట్టి మూత, బిగించే నట్లు, ప్రెషర్ మీటరు, ఆవిరి వదిలే కాక్, సేఫ్టీ వాల్వు, ఇవన్నీ ఉండాలి.

సరే, ఎక్కడ పెట్టాలి? నేను రాతి గట్టు మీద పెట్టాను. నీళ్లతో, సామానుతో కలిపితే బాగా బరువుంటుంది, ఊగే చెక్క బల్ల పనికిరాదు. పైన అల్మారా ఉండకూడదు, ఆవిరి నేరుగా పైకి కొడుతుంది. కాక్ నోరూ సేఫ్టీ వాల్వూ గోడ వైపు తిప్పాను చూడండి, మనుషులు నడిచే వైపు కాదు. కిటికీ తెరిచి ఉంది.

కరెంటు సంగతి. దీని హీటరు 2 కిలోవాట్లు. అంటే మన 230 వోల్టుల లైన్లో దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జింగు పెట్టుకునే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. కాబట్టి పెద్ద పవర్ ప్లగ్గే కావాలి, ఎర్తింగ్ పక్కాగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి నడిపేవాళ్లను చూశాను. వైరు మెత్తబడి వాసన వస్తుంటే "కొత్త మిషన్ కదా, మొదట్లో అలాగే వస్తుంది" అన్నాడు ఒకాయన. అలా ఏం రాదు. నీళ్లు, ఇనుము, కరెంటు ఒకే చోట ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైను ఒకసారి చూపించుకోవడంలో తప్పు లేదు. షాక్ కొడితే ఆపేసే బ్రేకరు కూడా పెట్టించుకుంటే మరీ మంచిది.

మూత లోపలి వైపు చూడండి. (మూత తిరగేసి చూపిస్తూ) ఈ రబ్బరు రింగు గ్యాస్కెట్. వేలితో చుట్టూ తడమండి. పగుళ్లు ఉన్నా, గట్టిపడినా, చదునైపోయినా మార్చాలి. ఇంట్లో కుక్కర్ రింగు వదులైతే పిండి అంటించి ఒకసారి లాగిస్తాం కదా, అలాంటివి ఇక్కడ వద్దు. కాక్ తెరిచి లోపలి నుంచి నోటితో గాలి ఊదకండి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, రంధ్రం ఆరపార కనిపించాలి. సేఫ్టీ వాల్వు ఇది. ప్రెషర్ హద్దు దాటితే తనంతట తనే తెరుచుకుంటుంది. మాటిమాటికీ చప్పుడు చేస్తోందని దీనికి వైరు చుట్టి కట్టేసిన చోటు కూడా చూశాను. అది చప్పుడు చేస్తోందంటే మీ ప్రాణం కాపాడుతోందని. కట్టేస్తే అది బాంబు, అంతే.

ఇప్పుడు నీళ్లు. మిషన్ వెంట వచ్చిన పుస్తకంలో ఎంత పోయాలో ఉంటుంది. హీటరు కాయిల్ పూర్తిగా మునగాలి, లోపలి జల్లెడ పళ్లాన్ని మాత్రం నీళ్లు తాకకూడదు. తక్కువైతే కాయిల్ కాలిపోతుంది, ఎక్కువైతే సామాను తడిసి ముద్దవుతుంది. ప్రతి బ్యాచ్‌కీ చూసుకోవాలి. "పొద్దున పోశాను కదా" అనుకోవద్దు, పొద్దుటి నీళ్లు ఆవిరై పోయుంటాయి. ఏ నీళ్లు? డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో మన ఇళ్లల్లో గీజరు విప్పినప్పుడు చూసే ఉంటారు, తెల్లటి సున్నపు పెచ్చులు. ఆ పెచ్చులే కాక్‌లోనూ వాల్వులోనూ ఇరుక్కుంటాయి.

సామాను సర్దుదాం. ముందు అడగాల్సింది, ఇవి కడిగారా? నెత్తురు ఎండిన కత్తెరను ఎంతసేపు ఆవిరిలో ఉంచినా లాభం లేదు. ఎండిన నెత్తురు కింద క్రిములు దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉంటాయి. వాడిన వెంటనే నానబెట్టి, గట్టి గ్లౌజులు వేసుకుని, నీళ్ల అడుగున బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. నీళ్ల పైన రుద్దితే తుంపర్లు మొహం మీద పడతాయి.

కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్ నోరు తెరిచి పెట్టాలి. మూసి లాక్ చేస్తే ఆ కీలు మధ్యలోకి ఆవిరి పోదు. గిన్నెలు, కిడ్నీ ట్రేలు వెల్లకిలా పెట్టొద్దు, పక్కకు వాల్చండి. వెల్లకిలా పెడితే గాలి గిన్నెలోనే ఉండిపోతుంది, నీళ్లు కూడా నిలుస్తాయి. బట్ట మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లాగా నిలబెట్టండి. మధ్యలో చెయ్యి దూరేంత సందు ఉండాలి. డ్రమ్ము వాడుతుంటే దాని పక్కన ఉన్న కిటికీలు తెరిచి పెట్టాలి, బయటికి తీశాక మూయాలి. ఇది తిరగబడితే, అంటే లోపల మూసి ఉంచి బయట తెరిచి పెడితే, మొత్తం పనీ వృథా. నవ్వకండి, జరుగుతుంది.

మూటకు బయట ఈ చారల టేపు అంటిస్తున్నాను. లోపల సామాను మధ్యలో ఇంకో ఇండికేటర్ కాగితం పెడుతున్నాను. మూట మీద తేదీ రాస్తున్నాను.

ఈ మోడల్‌లో మూత లోపల నుంచి ఒక వంకరగా తిరిగే లోహపు గొట్టం వేలాడుతోంది చూశారా? అన్ని మోడళ్లలో ఉండదు. ఉంటే మాత్రం దాని కొసను లోపలి డబ్బా గోడకున్న ఈ గాడిలోకి దూర్చి, అడుగు దాకా పంపాలి. పైపైన మడిచి మూత పెట్టేస్తే మిషన్ నడుస్తుంది, ప్రెషర్ కూడా వస్తుంది, కానీ పని జరగదు. ఎందుకో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

మూత పెట్టాను. నట్లు ఒక పక్క నుంచి వరసగా బిగించకండి. ఎదురెదురుగా రెండేసి, కొద్దికొద్దిగా, మూడు చుట్లలో. కారు టైరు మార్చేవాళ్లు బిగించినట్టే. లేకపోతే మూత ఒక పక్కకు వాలి ఆ సందులోంచి ఆవిరి కొడుతుంది. ఇక కాక్ తెరిచే ఉంచాను. గమనించండి, తెరిచే. స్విచ్ వేశాను.

ఇప్పుడు నా కథ.

జీఎన్ఎం అయ్యాక నా మొదటి ఉద్యోగం ఒక చిన్న ఆసుపత్రిలో. కాన్పులు, చిన్న చిన్న ఆపరేషన్లు. నాకంటే ముందు ఆ పని చేసిన అక్క రెండు రోజులు నేర్పించి పెళ్లై వెళ్లిపోయింది. ఆమె చేసినట్టే నేనూ చేశాను. నీళ్లు పోయడం, మూత బిగించడం, కాక్ మూసేయడం, స్విచ్ వేయడం. ముల్లు 15 దగ్గరికి రాగానే గడియారం చూసుకుని ఇరవై నిమిషాలు. ఆపేయడం. టేపు మీద చారలు నల్లగా వచ్చేవి. అంతా బాగుందనుకునేదాన్ని. కాక్ తెరిచి పెడితే ఆవిరి వృథా అని ఆమె చెప్పింది, నాకు సబబుగానే అనిపించింది. ఇంట్లో కుక్కర్‌కి విజిల్ పెట్టకుండా వదిలేస్తే అమ్మ తిట్టదూ?

ఎనిమిది నెలలకు ఆ ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మగారు వచ్చారు. వచ్చిన వారానికి చిన్న గొట్టాలు తెప్పించారు, స్పోర్ టెస్ట్ అంటారు. వాటి లోపల ఒక బ్యాక్టీరియా తాలూకు స్పోర్లు ఉంటాయి. పేరు పలకడం కష్టం, జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్. మనకు హాని చేయదు కానీ ఆవిరి వేడికి అంత తేలిగ్గా చావదు. అది చచ్చిందంటే మిగతావన్నీ చచ్చాయనే లెక్క. మూట మధ్యలో ఒక గొట్టం పెట్టి నా చేత్తోనే ఆటోక్లేవ్ చేయించారు. ముల్లు 15. టేపు నలుపు. తర్వాత ఆ గొట్టాన్ని వెచ్చగా ఉంచి చూస్తే మర్నాటికి రంగు మారింది. అంటే లోపల బతికే ఉన్నాయి, పెరుగుతున్నాయి.

నాకు ముందు అర్థం కాలేదు. గొట్టం పాడైందేమో మేడమ్ అన్నాను. ఆవిడ తిట్టలేదు. కాగితం తీసుకుని మూడు అంకెలు రాశారు. ఆ అంకెలు నేను ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, మీరూ రాసుకోండి.

మూత పెట్టినప్పుడు లోపల ఏముంది? నీళ్లు, సామాను, మిగతాదంతా గాలి. కాక్ మూసి వేడి చేస్తే ఆ గాలి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. లోపలే వేడెక్కి అది కూడా మీటరు ముల్లును తోస్తుంది. ముల్లుకు తనను తోసేది ఆవిరా, గాలా అన్నది తెలియదు కదా. గాలంతా బయటికి పోయి పూర్తిగా ఆవిరే ఉంటే 15 పౌండ్ల దగ్గర వేడి 121 డిగ్రీలు. సగం గాలి లోపలే ఉంటే అదే 15 దగ్గర 112. గాలి అసలేమీ పోకపోతే అదే 15 దగ్గర 100 డిగ్రీలు. ముల్లు మూడుసార్లూ ఒకే చోట ఉంది, వేడి మాత్రం మూడు రకాలు.

అందులోనూ గాలి ఆవిరి కంటే బరువు. కిందికి దిగి అడుగున, మూటల మధ్యన, గిన్నెల్లో మడుగు కట్టినట్టు ఉంటుంది. పైన టేపు అంటించిన చోట ఆవిరి తగిలి నల్లబడుతుంది. లోపల కత్తెర ఉన్న చోటికి చేరదు. ఇందాక గొట్టాన్ని అడుగు దాకా పంపమన్నది ఇందుకే, గాలి అక్కడ ఉంటుంది కాబట్టి.

సరే గాలి ఉంటే ఏంటి, అది కూడా వేడిగానే ఉంది కదా అంటారా? ఇడ్లీ పాత్ర గుర్తు తెచ్చుకోండి. లోపల ఇడ్లీలు నీళ్లలో లేవు, మంట మీద లేవు. ఉత్త ఆవిరి. పది పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతాయి. ఆవిరి చల్లటి వస్తువును తాకి నీళ్లుగా మారేటప్పుడు, తనలో దాచుకున్న వేడినంతా అక్కడ దింపేస్తుంది. ఒక గ్రాము ఆవిరి అలా నీరైతే దాదాపు 540 క్యాలరీలు. మరిగిన నీళ్లు ఒక గ్రాము మన ఒంటి మీద పడి ఒంటి వేడికి చల్లబడితే ఇచ్చేది 63. తేడా చూడండి. పొడి వేడి గాలికి ఆ దింపే గుణం లేదు. అందుకే వేడి గాలితో స్టెరైల్ చేసే ఓవెన్‌లో 160 డిగ్రీలు పెట్టినా రెండు గంటలు ఉంచాలి.

ధనుర్వాతం తెచ్చే క్రిమి స్పోర్ రూపంలో ఉంటే నీళ్లలో కాసేపు మరిగించినంత మాత్రాన చావదు. నేను ఎనిమిది నెలలు చేసింది దాదాపు అదే, ఖరీదైన పాత్రలో కాసేపు మరగబెట్టడం.

ఆ రోజు డ్రమ్ములన్నీ విప్పించి మళ్లీ మొదటి నుంచి చేయించారు. ఆ వారంలో ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టరమ్మగారే ఫోన్ చేసి రప్పించి కుట్లు చూశారు. అందరూ బాగానే ఉన్నారు. కానీ నేను పాత రిజిస్టర్ తిరగేశాను. అంతకుముందు నెలల్లో కుట్లు చీము పట్టి మళ్లీ వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఒకావిడ బిడ్డను ఎత్తుకోలేక వాళ్ల అత్తగారి చేతికిచ్చి వంగి నడుస్తూ రావడం నాకు గుర్తుంది. కుట్లకు చీము పట్టడానికి వంద కారణాలుంటాయి. డాక్టరమ్మగారు కూడా అదే అన్నారు. అయినా ఆ పేజీ నాకు గుర్తుండిపోయింది.

(కాక్ నుంచి ఆవిరి చప్పుడు) ఇదిగో, మొదలైంది. వినండి. ఇప్పుడు వచ్చేది ఆగి ఆగి, తుప్ తుప్ మంటూ, నీళ్ల చుక్కలతో వస్తోంది. ఇది గాలీ ఆవిరీ కలిసినది. ఇప్పుడే మూయకూడదు. కాసేపటికి ఆగకుండా, గట్టిగా, ఒకే ధారగా వస్తుంది. ఆ ధార మొదలయ్యాక కూడా పది నిమిషాలు వదిలేయండి. మీ మిషన్ పుస్తకంలో ఐదో ఏడో ఉంటే దాన్నే పాటించండి, సున్నా అని మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

పది నిమిషాలైంది. గుడ్డ గ్లౌజు వేసుకుని కాక్ మూస్తున్నాను. ఇక ముల్లు లేస్తుంది. టైమర్ ఇప్పుడే నొక్కకండి! చాలామంది స్విచ్ వేసినప్పటి నుంచో, కాక్ మూసినప్పటి నుంచో లెక్క పెడతారు. లెక్క మొదలయ్యేది ముల్లు 15 మీదికి, థర్మామీటరు 121 మీదికి వచ్చాకే. అక్కడి నుంచి విడి సామానుకు 20 నిమిషాలు, బట్టలో చుట్టిన వాటికి 30 నిమిషాలు. మధ్యలో కరెంటు పోయి ముల్లు కిందికి దిగిందా, లెక్క మళ్లీ ఒకటి నుంచి. "పదిహేను నిమిషాలు అయ్యాయి కదా, మిగతా పదిహేను ఇప్పుడు" అంటే కుదరదు.

కొండ ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు చిన్న మాట. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి మీటరు 15 చూపించినా లోపల వేడి 121 కంటే ఒక డిగ్రీకి పైగానే తక్కువ ఉంటుంది. థర్మామీటరు ఉన్న మిషన్ అయితే పౌండ్లు కాదు, డిగ్రీలు చూడండి. లేకపోతే మీ ఊరి ఎత్తుకు ఎంత ప్రెషర్ పెట్టాలో కంపెనీవాళ్లను అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి.

ముల్లు 15. ఇప్పుడు ఫోను తీసి టైమర్ 30. ఇంకో పని కూడా చేస్తాను, మీటరును ఫొటో తీస్తాను. చివర్లో ఇంకోటి. ఫొటోలో టైము ఉంటుంది కదా, రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యం. ఫోనుతో ఇక్కడ అవసరమైన పని ఇంతే. రీల్స్ చూస్తూ పక్క గదిలో కూర్చోవడం కాదు. ఈ ముప్పై నిమిషాలూ దీని కంటబడే చోటే ఉండాలి, ముల్లు 15 దాటుతుంటే వేడి తగ్గించాలి, దిగుతుంటే పెంచాలి.

(కొంత భాగం తొలగించాం)

ఇది చల్లారేలోపు ఇంకో సంగతి. ఇందులో పెట్టకూడనివి ఏవి? నూనెలు, వ్యాజిలీన్, పౌడర్లు. ఆవిరి వాటి లోపలికి పోదు. గట్టిగా మూత బిగించిన సీసాలు, పగులుతాయి. కరిగే ప్లాస్టిక్. ఒకసారి వాడి పారేయాల్సిన సిరంజీలు, సూదులు అసలే వద్దు. "ఆటోక్లేవ్ చేశాం కదా, మళ్లీ వాడదాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చెవులు కుట్టేవాళ్లు, టాటూలు వేసేవాళ్లు చూస్తుంటే మీకూ ఇదే మాట, సూది ఎప్పుడూ కొత్తదే.

ఈ పాత్ర కథ చాలా పాతది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచాయన ఎముకలు మెత్తగా ఉడికించడానికి గట్టి మూత పాత్ర చేశాడు. అది పేలిపోకుండా ఆవిరి వదిలే వాల్వు కూడా పెట్టాడు. సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ దాన్ని క్రిములను చంపే ఆటోక్లేవ్‌గా మార్చాడు. అంటే కుక్కర్ లాంటిదే అనడంలో తప్పు లేదు. కుక్కర్‌లో పప్పు ఉడికిందో లేదో మెదిపి చూస్తాం, ఇక్కడ మెదిపి చూడటానికి ఏమీ ఉండదు.

టైమర్ మోగింది. రెండో ఫొటో. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాను. ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు.

నాతో పనిచేసిన ఆయమ్మ ఒకావిడ, చాలా చురుకైన మనిషి. ఒకరోజు లోపలి నుంచి "సెట్టు తెమ్మన్నానా!" అని కేక. ఆవిడ మీటరు చూసింది, ముల్లు సున్నా మీద ఉంది. నట్లు విప్పేసింది. ఆ ముల్లు సున్నా దగ్గరే ఇరుక్కుపోయిందని ఎవరికీ తెలియదు. మూత ఒక పక్కకు లేచి ఆవిరి మోచేతి దాకా కొట్టింది. గాజులు తీసేలోపే చెయ్యి వాచిపోయింది. ఎవరో పరుగున వచ్చి టూత్‌పేస్ట్ పూశారు. ఆసుపత్రిలో పనిచేసే మనుషులమే, అయినా చేతికి అందిందల్లా పూసేశాం. పేస్టూ వద్దు, సిరా వద్దు, ఐసు వద్దు. కొళాయి కింద మామూలు చల్లటి నీళ్లు, ఇరవై నిమిషాలు, గడియారం చూసి మరీ. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయాలి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. బొబ్బలు చిదమొద్దు. మొహం మీదో, ఎక్కువ చోటో కాలితే డాక్టరు చూడాల్సిందే.

కాబట్టి ముల్లు సున్నాకు రావడం ఒక గుర్తు మాత్రమే. రెండో గుర్తు కాక్. చల్లారాక కాక్ మెల్లగా తెరిచి, ఏమీ రావడం లేదని చెవులతో విని, కళ్లతో చూసి, అప్పుడే నట్ల మీద చెయ్యి వేయాలి. చల్లారాక కాక్ తెరవకపోతే ఇంకో చిక్కు, లోపల ఆవిరి నీరైపోయి మూత లోపలికి పీల్చుకుని రాదు. సీసాల్లో ద్రవాలు పెట్టిన ల్యాబ్‌వాళ్లు మాత్రం తొందరపడి కాక్ తెరిచి ఆవిరి వదలొద్దు, అవి ఒక్కసారిగా పొంగిపోతాయి. మూతలు వదులుగా పెట్టి, దానంతట అదే చల్లారేదాకా ఆగండి.

విప్పుతున్నాను, ఇదీ ఎదురెదురుగానే. మూత ఎత్తేటప్పుడు ముందు నాకు అవతలి అంచు లేపుతున్నాను. మిగిలిన ఆవిరి అటు పోతుంది, నా మొహానికి మూతే అడ్డం. ఇప్పుడు కొంచెం ఓరగా పెట్టి అరగంట వదిలేస్తా.

(కొంత భాగం తొలగించాం)

చెయ్యి పెట్టి చూద్దాం. మూట పొడిగా ఉందా? పొడిగా ఉంది. తడిగా ఉంటే ఎంత 121 చూసినా అది స్టెరైల్ కాదు, తడిగుడ్డ గుండా బయటి క్రిములు లోపలికి పాకుతాయి, మళ్లీ చేయాల్సిందే. వేడి మూటను నేరుగా గ్రానైట్ బండ మీద పెట్టొద్దు, అడుగున చెమ్మ పడుతుంది. నేను జల్లెడ స్టాండు మీద పెడుతున్నాను.

బయటి టేపు నల్లబడింది. ఇది ఆటోక్లేవ్‌లోకి వెళ్లొచ్చింది అని మాత్రమే చెప్తుంది, చచ్చాయని చెప్పదు. లోపలి కాగితం మూట విప్పినప్పుడు చూస్తాం, అది మారకపోతే ఆ మూట వాడం. వారానికొకసారి ఇందాక చెప్పిన స్పోర్ టెస్ట్. మీ క్లినిక్‌లో అది లేకపోతే డాక్టరుగారిని అడగండి. కొత్తగా చేరినవాళ్లం, ఎలా అడుగుతాం అనుకోవద్దు. ఆ డాక్టరమ్మగారు కూడా ఆ ఆసుపత్రిలో చేరిన వారానికే అడిగారు.

ఒక చెల్లి అడిగింది, ఇంట్లో కుక్కర్‌తో చేయొచ్చా అక్కా, మా క్లినిక్‌లో మిషన్ పాడైందని. కుక్కర్‌లో కూడా విజిల్ బరువు దగ్గర ప్రెషర్ దాదాపు ఇంతే ఉంటుంది. కానీ మీటరు లేదు, థర్మామీటరు లేదు, ఎంతసేపు ఏ వేడి ఉందో చూపించే దారి లేదు, మూటలు ఆరవు. క్లినిక్ సామానుకు వద్దు. మిషన్ బాగయ్యేదాకా దగ్గర్లో ఇంకో ఆసుపత్రిలో చేయించుకుని తెచ్చుకోమని చెప్పు. అలా చాలామంది చేస్తారు.

ఇక రిజిస్టర్. తేదీ, బ్యాచ్ నంబరు, ఏ సామాను, కాక్ మూసిన టైము, 15 దగ్గరికి వచ్చిన టైము, ఆపిన టైము, టేపు ముక్క ఇక్కడ అంటించాను, సంతకం. "కాక్ మూసిన టైము" అనే గడి మామూలు రిజిస్టర్లలో ఉండదు. నేనే స్కేలుతో గీసుకున్నాను. మీరూ గీసుకోండి.

నీళ్లు చల్లారాయి, పారబోసి తుడిచి బోర్లించాలి. ఉంటాను మరి.